నక్కవాగు అడుగు మట్టి

హైదరాబాద్ నుంచి ముంబై హైవే మీద వస్తుంటే పటాన్‌చెరు దాటాక ఇస్నాపూర్ చౌరస్తా. అక్కడ మీ జీపు మలుపు తిరిగింది. ఇది పాశమైలారం పారిశ్రామికవాడకు పోయే రోడ్డు. ఉదయం ఆరు కావస్తోంది, షిఫ్టు మారే వేళ. నైట్ డ్యూటీ దిగినవాళ్ళు టిఫిన్ బండ్ల చుట్టూ మూగి ఉన్నారు. జీపు అద్దం దించగానే ముందు మిర్చి బజ్జీల నూనె వాసన, ఆ వెంటనే ముక్కును పొడిచే సాల్వెంట్ వాసన. రెండు మలుపులు తిరిగేసరికి నూనె వాసన పోయింది. రెండోది పోలేదు.

డ్రైవరు ఒక బండి దగ్గర ఆపబోతుంటే వెనక సీట్లోంచి పరిశోధక విద్యార్థిని ఆపింది.

"చాయ్ ఇప్పుడే వద్దండీ. శాంపిళ్ళు తీసి సీల్ వేశాక తాగుదాం."

కారణం అడిగితే చెప్పింది. మనిషి మురుగు నీళ్ళలో కలిసిందా లేదా అని చూడటానికి వాడే గుర్తుల్లో కెఫీన్ ఒకటి. చాయ్ గ్లాసు పట్టుకున్న చేత్తో సీసా మూత తిప్పితే ఆ సీసాలోని వాగు మీరు చేసిన మురుగును కూడా చూపిస్తుంది. ఒంటికి సెంటు వద్దు, దోమల క్రీము వద్దు, ఎండకు రాసుకునే లోషన్ అసలే వద్దు. ఈ వారంలో యాంటీబయాటిక్ ఏమైనా వాడారా అని కూడా అడిగింది. వాడి ఉంటే మీరు గట్టు మీదే ఉండి నోట్‌బుక్కు రాయాలి. సీసాలు ముట్టకూడదు.

ఈ జాగ్రత్తలు చూస్తే పని ఎంత సున్నితమైనదో తెలుస్తుంది. నదులు సముద్రంలో కలిసే చోట్ల, కడలి ముఖద్వారాల్లో, అడుగు మట్టి తవ్వి మురుగు ఎక్కడి నుంచి వచ్చిందో రసాయనాల ఆధారంగా కనిపెట్టే పద్ధతి ప్రపంచంలో చాలాకాలంగా ఉంది. తీపి నీరు ఉప్పు నీటిని తాకగానే అందులో తేలే సన్న బంకమట్టి గడ్డకట్టి అడుగుకు దిగుతుంది. దాన్ని అంటుకుని ఊళ్ళ మురుగు గుర్తులూ దిగుతాయి. సముద్రానికి ఇంత దూరంలో ఉన్న సంగారెడ్డి జిల్లాలో ఆ పని చేసిపెట్టేవి చెరువులు, చెక్‌డ్యాములు. నీటి పరుగు ఎక్కడ ఆగితే అక్కడ ఒండ్రు ఆగుతుంది. ఇవాళ మీరు వెళ్తున్నది అలాంటి ఒక చెక్‌డ్యాం వెనకకు.

నక్కవాగు పెద్ద ప్రవాహమేం కాదు. పటాన్‌చెరు, బొల్లారం వైపు నుంచి వచ్చే చిన్న వాగుల్ని కలుపుకుని ఉత్తరానికి సాగి మంజీరలో పడుతుంది. మంజీర నిజామాబాద్ దాకా పోయి కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. నక్కవాగు దారిలో బచ్చుగూడెం, పోచారం, అరుట్ల, ఇస్మాయిల్‌ఖాన్‌పేట లాంటి ఊళ్ళు. 1970ల మధ్య వరకు ఈ ఊళ్ళకు తాగునీరు, సాగునీరు, చేపలు అన్నీ ఈ వాగూ, దాని చుట్టూ ఉన్న చెరువులే. తర్వాత పటాన్‌చెరు పారిశ్రామికవాడ వచ్చింది. 1980లో ఇందిరాగాంధీ మెదక్ నుంచి లోక్‌సభకు గెలిచాక ఫ్యాక్టరీలు మరింత వేగంగా వచ్చాయి. మందుల తయారీకి కావలసిన ముడి రసాయనాలు, అంటే బల్క్ డ్రగ్స్, ఇక్కడ టన్నుల్లెక్కన తయారవడం మొదలైంది. జ్వరానికి, బీపీకి, జలుబుకి ప్రపంచంలో ఎక్కడో ఎవరో వేసుకునే మాత్ర ఈ వాడలో పొడిగా పుట్టి ఉండొచ్చు. ఆ పొడి కడిగిన నీళ్ళు మాత్రం ఇక్కడే ఉండిపోయాయి.

జీపు ఆగింది. గట్టు దిగుతుంటే తుమ్మ ముళ్ళు ప్యాంటుకు పట్టుకుంటున్నాయి. చెక్‌డ్యాం వెనక నీళ్ళు కదలకుండా ఉన్నాయి, పైన గుర్రపుడెక్క పరుచుకుంది. దూరం నుంచి పచ్చగా కనిపించింది. దగ్గరికి వచ్చాక ఆకుల మధ్య ఖాళీల్లో నీటి రంగు చూశారు. పలచటి కషాయం రంగు, అంచుల్లో నురగ. అవతలి గట్టున ఒక ముసలి రైతు బర్రెల్ని తోలుకుపోతూ ఆగాడు.

"గీ నీళ్ళల్ల దిగకుండ్రి బిడ్డా. కాళ్ళు దురద పెడ్తయి."

"బూట్లేసుకున్నం తాతా," అంది అమ్మాయి. తొడల దాకా వచ్చే రబ్బరు బూట్లు. మీకూ ఒక జత ఇచ్చింది.

దిగారు. మొదటి అడుగు చీలమండ దాకా, రెండోది పిక్క దాకా దిగబడింది. కాలు లాగినప్పుడల్లా అడుగు నుంచి బుడగలు లేచి పగులుతున్నాయి. ఆ వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. ఆక్సిజన్ లేని చోట సూక్ష్మజీవులు సల్ఫేటును వాడుకుంటే పుట్టే వాయువు. వాసన తల తిప్పించినా ఈ పనికి అది మంచి కబురే. ఆక్సిజన్ అందని బురదలో రసాయన గుర్తులు త్వరగా చెడవు.

స్టెయిన్‌లెస్ స్టీల్ గొట్టం తెచ్చారు. ప్లాస్టిక్ వాడితే అందులోంచి రసాయనాలు ఊరి లెక్క తప్పుతుంది. గొట్టాన్ని నిటారుగా నిలబెట్టి, తిప్పకుండా, మెల్లగా రెండు చేతులతో లోపలికి నొక్కాలి. మీరు ఒక వైపు, ఆమె ఒక వైపు. మొదట మీగడలో దిగినట్టు దిగింది. మూరెడు లోతు పోయాక బిగుసుకుంది. ఇంకాస్త నొక్కితే గట్టి నేల తగిలింది. పైన మూత బిగించారు, గాలి పోకుండా. లాగుతుంటే బురద వదలనంది. భుజాలు మంట పుట్టాక ఒక్కసారిగా జారి వచ్చింది.

గట్టు మీద అల్యూమినియం రేకు పరిచి, కింద నుంచి కడ్డీతో తోస్తే మట్టి కడ్డీలాగే బయటికి వచ్చింది. దాన్ని దగ్గరగా చూడండి. పైన రెండు వేళ్ళ మందం గోధుమ రంగు, పలచన. దాని కింద నల్లగా, నిగనిగలాడుతూ. నలుపు మధ్యలో ఒకచోట సన్నటి ఇసుక చార. ఏదో ఒక వానాకాలం పెద్ద వరద వచ్చి వదిలిపోయింది. మళ్ళీ నలుపు. అన్నిటికన్నా అడుగున బూడిద రంగు బంకమట్టి, అందులో ఎప్పటిదో ఒక చిన్న నత్తగుల్ల. పై పొరల్లో ఎక్కడా గుల్లలు లేవు. ఒక్క గుల్లను బట్టి ఏదీ తేల్చకూడదని ఆమె హెచ్చరించింది. అయినా మీ చూపు దాని మీది నుంచి కదల్లేదు.

నలుపు ఐరన్ సల్ఫైడ్ వల్ల. గాలి తగిలిన కొద్దీ మీ కళ్ళ ముందే అంచులు గోధుమ రంగుకు తిరుగుతున్నాయి. అందుకే తొందర. రెండేసి సెంటీమీటర్లకు ఒక ముక్క చొప్పున కోసి, గొట్టం గోడను రాసుకున్న బయటి అంచు పారేసి, మధ్య భాగం మాత్రం ముదురు గోధుమ రంగు గాజు సీసాల్లోకి తీశారు. వెలుతురు తగిలితే సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్ విరిగిపోతాయి కాబట్టి రంగు సీసాలు. ప్రతి సీసా మీద లోతు, తేదీ, చోటు, సంతకం. మూత మీద సీలు. ఐస్ పెట్టెలోకి. సీలు, సంతకం సైన్సుకే కాదు, కోర్టుకూ కావాలి. ఈ ప్రాంతంలో నీటి కథ అంతా కోర్టుల్లోనే నడిచింది మరి.

ఆ కథ తెలిసినవాళ్ళకు డాక్టర్ ఎ. కిషన్‌రావు పేరు తెలుసు. పటాన్‌చెరులో వైద్యం చేసిన ఆయన, తన దగ్గరికి వచ్చే రోగులకు మందు చీటీ రాసి ఊరుకోకుండా వాళ్ళ రోగాలకూ వాళ్ళ ఊరి నీళ్ళకూ సంబంధం ఏమిటని వెతికారు. దశాబ్దాల పాటు ఆ పని వదల్లేదు. 1990లో ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో-లీగల్ యాక్షన్ అనే సంస్థ సుప్రీంకోర్టులో రిట్ వేసింది, నంబరు 1056. అక్కడి నుంచి హైకోర్టుకు, హైకోర్టు నుంచి జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్ళి, 2017 అక్టోబరులో తీర్పు వచ్చింది. ఇరవై ఏడేళ్ళు. కేసు వేసిన ఏడు పుట్టిన బిడ్డ పెళ్ళీడు దాటింది. మధ్యలో పంట నష్టపరిహారాలు, ఊళ్ళకు మంచినీళ్ళ ఏర్పాట్లు, కమిటీలు, నివేదికలు నడిచాయి. కంపెనీలన్నీ కలిసి శుద్ధి చేసుకోవడానికి పటాన్‌చెరు ఎన్విరో టెక్ లిమిటెడ్ వచ్చింది. ఊళ్ళో అందరూ పీఈటీఎల్ అంటారు. సుమారు 90 బల్క్ డ్రగ్ కంపెనీల వ్యర్థ జలాలు ట్యాంకర్లలో అక్కడికి వచ్చేవి. శుద్ధి చేశామన్నాక ఆ నీళ్ళను ఇసుకవాగులోకి వదిలేవాళ్ళు, అది నక్కవాగులోకి.

2006 నవంబరులో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయం నుంచి జోకిమ్ లార్సన్ బృందం ఆ శుద్ధి అయిన నీటినే సీసాల్లో పట్టుకుపోయింది. 2007లో ఫలితాలు అచ్చయ్యాయి. లీటరు నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ 28,000 నుంచి 31,000 మైక్రోగ్రాముల దాకా ఉంది. లెక్క వేసి చూడండి. మందుల షాపులో దొరికే 500 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి, పదహారు లీటర్ల నీళ్ళలో. ఇంట్లో స్నానానికి పట్టుకునే బకెట్టుకు ఒక మాత్ర. జబ్బు చేసి ఆ మాత్ర వేసుకున్న మనిషి రక్తంలో ఉండే మోతాదుకు ఇది సుమారు పది రెట్లు. ఒక్క రోజులో ఆ గొట్టం వదిలిన సిప్రోఫ్లాక్సాసిన్ 45 కిలోలని, 90 లక్షల జనాభా ఉన్న స్వీడన్ దేశమంతా ఐదు రోజుల్లో వాడేంత అని వాళ్ళు లెక్కగట్టారు. అదొక్కటే కాదు. బీపీకి వాడే లోసార్టాన్, జలుబుకి సెట్రిజిన్, ఇంకా కొన్ని కలిపి పదకొండు మందులు లీటరుకు 100 మైక్రోగ్రాములకు మించి ఉన్నాయి.

తర్వాత 2009లో వచ్చిన ఇంకో అధ్యయనం ఈ ప్రాంతపు చెరువుల్ని, బావుల్ని చూసింది. ఒక చెరువు నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 6.5 మిల్లీగ్రాములు, సెట్రిజిన్ 1.2 మిల్లీగ్రాములు. ఊరి బావుల్లోనూ మందులు దొరికాయి. 

ఇక్కడే మీ గట్టు మీది సీసాలకు పని పడుతుంది. పరిశ్రమ తరఫున మాట్లాడేవాళ్ళు ఎప్పుడూ ఒక మాట అంటారు. ఈ ఊళ్ళ డ్రైనేజీలు ఎక్కడికి పోతున్నాయి? పటాన్‌చెరు, రామచంద్రాపురం, అమీన్‌పూర్ కాలనీల మురుగంతా వాగుల్లోనే కదా? మనుషులూ యాంటీబయాటిక్స్ వాడతారు కదా? ప్రశ్న అన్యాయమైంది కాదు. కాలనీలు పెరిగాయి, మురుగు నిజంగానే వాగుల్లోకి వస్తోంది. సిప్రోఫ్లాక్సాసిన్ వేసుకున్న మనిషి అందులో సగం దాకా మూత్రంలో మారకుండానే వదిలేస్తాడు. అందుకే ఏ ఊరి మురుగులోనైనా ఆ మందు కొంచెం కనిపిస్తుంది. మరి బురదలో ఉన్న మందు ఎవరిదో ఎలా చెప్పాలి?

దానికి సమాధానం కోప్రోస్టనాల్ దగ్గర ఉంది. మనం తిన్న కొలెస్టరాల్‌ను మన పేగుల్లోని సూక్ష్మజీవులు ఈ పదార్థంగా మారుస్తాయి. మనిషి మలంలో ఉండే స్టెరాల్స్‌లో సగానికి పైగా ఇదే. నీళ్ళలో కరగదు, మట్టి రేణువును పట్టుకుని అడుగుకు దిగుతుంది, ఆక్సిజన్ లేని నల్ల బురదలో ఏళ్ళ తరబడి ఉంటుంది. చేపల నుంచి రాదు, చెట్ల నుంచి రాదు. బర్రెల పేడలో ప్రధానంగా ఉండేది దీని దగ్గరి చుట్టం, 24-ఇథైల్ కోప్రోస్టనాల్. గడ్డిలోని స్టెరాల్ నుంచి పుడుతుంది. అవతలి గట్టున ఆ తాత తోలుకుపోతున్న బర్రెలు వాగులో వేసిన పేడ ఎంత, పై కాలనీ నుంచి వచ్చిన మలం ఎంత అని ఈ రెండిటి పాళ్ళు చూసి విడదీయొచ్చు. బట్టల సబ్బు పొడి నుంచి వచ్చే లీనియర్ ఆల్కైల్‌బెంజీన్లు ఇంకో సాక్ష్యం. ఇంటి మురుగు ఎక్కడుంటే సబ్బు అక్కడుంటుంది.

ఇప్పుడు జత కట్టి చూడండి. ఒక పొరలో సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది, దానికి తగ్గట్టు కోప్రోస్టనాల్, సబ్బు కూడా ఉన్నాయి. అది కాలనీల మురుగు కావచ్చు. ఇంకో పొరలో మందు విపరీతంగా ఉంది, కోప్రోస్టనాల్ అంతంత మాత్రం. అంత మందును ఏ మనుషులూ మలం లేకుండా విసర్జించలేరు. అది మనిషి ఒంట్లోంచి రాలేదు. దాని దారి పైపు గుండానో ట్యాంకరు గుండానో ఉంది. నాకు ఈ పద్ధతి నచ్చడానికి కారణం ఇదే. ఇది కాలనీలో ఉండే పేదవాణ్ణి అనవసరంగా దోషిని చెయ్యదు, అలాగే అతని మురుగు వెనక ఎవరినీ దాక్కోనివ్వదు.

"గిది ఎందుకు తీస్తున్రు?" తాత బర్రెల్ని వదిలి గట్టు చుట్టి ఇటు వచ్చాడు. సీసాల వైపు చూశాడు.

"ఏ మురుగు ఎక్కడిదో తేల్చనీకి తాతా."

"తేలుస్తె ఏమైతది?" అన్నాడు. కోపం లేదు, నిజంగానే అడిగాడు. ఆ తర్వాత అసలు సంగతి అడిగాడు. "మావోళ్ళు చెరువుల మట్టి చెల్కకు తోలుకుందమంటున్రు. తోలుకోవచ్చునా బిడ్డా?"

తెలంగాణలో ఈ ప్రశ్న చిన్నది కాదు. ఎండాకాలం చెరువు ఎండితే పూడిక తీసి చేన్లకు తోలుకోవడం తరాల నుంచి ఉన్న అలవాటు. ఎరువు ఖర్చు తగ్గుతుంది, నేల తేమ పట్టుకుంటుంది. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో కూడా పూడిక మట్టిని రైతులు తీసుకెళ్ళాలనే ప్రోత్సహించారు. మామూలు చెరువైతే అది బంగారం. కానీ ఈ ప్రాంతంలో కొన్ని చెరువుల పూడికలో ఏముందో తెలియకుండా దాన్ని పొలంలో పరిస్తే, యాభై ఏళ్ళుగా అడుగున పేరుకున్నదంతా తిండి పండే నేల మీదికి తెచ్చుకున్నట్టే. పటాన్‌చెరు నేలల్లో క్రోమియం, ఆర్సెనిక్ వంటి భారలోహాల సంగతి హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు 2001లోనే ప్రచురించారు. సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి ఫ్లోరోక్వినోలోన్ జాతి మందులు బంకమట్టిని గట్టిగా పట్టుకుంటాయి. ఎండ తగిలితే విరుగుతాయి గానీ మట్టి లోపలికి ఎండ పోదు.

ఆమె వెంటనే జవాబు చెప్పలేదు. "పరీక్ష అయ్యేదాకా చెరువు మట్టి ముట్టకుండ్రి తాతా. కాయితం వచ్చినంక నేనే వచ్చి చెప్త," అంది. తాత తలూపాడు. ఇలాంటి మాటలు ఆయన ఎన్ని వినుంటాడో. ఆమె నోట్‌బుక్కులో ఆయన ఊరి పేరు రాసుకుంది.

సాయంత్రానికి సీసాలు ల్యాబ్‌లో ఉన్నాయి. మట్టిని గడ్డకట్టించి, తేమను ఆవిరిగా లాగేసి, పొడి చేసి, జల్లెడ పట్టారు. ఆ పొడిని సాక్స్‌లెట్ గాజు పరికరంలో పెట్టి కింద సాల్వెంట్ మరిగిస్తారు. ఆవిరి పైకి పోయి చల్లబడి మట్టి మీద చుక్క చుక్కగా పడి, నిండగానే మొత్తం కిందికి జారుతుంది. రాత్రంతా ఇదే చక్రం. నిశ్శబ్దమైన గదిలో ప్రతి కొన్ని నిమిషాలకు ఒక గలగల. తెల్లారేసరికి అడుగు ఫ్లాస్కులో టీ డికాక్షన్ రంగు ద్రవం.

అందులో ఆమె మెరుగు పెట్టిన రాగి రజను వేసింది. మీరు చూస్తుండగానే ఎర్రటి రాగి నల్లబడింది. బురదలోని గంధకం రాగిని పట్టేసింది. ఇంకా రాగి వేసింది, అదీ నల్లబడింది. రాగి ఎర్రగా మిగిలేదాకా వేస్తూనే ఉండాలి, లేకపోతే గంధకం యంత్రంలో గీతల్ని పాడు చేస్తుంది. మంచి చెరువు మట్టికి చిటికెడు చాలుతుందట. ఈ నల్ల పొరకు చెంచాలు పట్టాయి.

తర్వాత గ్యాస్ క్రోమటోగ్రాఫ్. ముప్పై మీటర్ల పొడవున చుట్ట చుట్టిన సన్న గాజు గొట్టం. పదార్థాలు దానిలో పరుగు పెట్టి ఒక్కొక్కటే బయటపడతాయి, స్క్రీన్ మీద ఒక్కొక్కటి ఒక శిఖరంలా లేస్తుంది. కోప్రోస్టనాల్‌కు, దాని కవల అయిన కోలెస్టనాల్‌కు బరువు ఒకటే. తేడా అంతా ఒకే ఒక్క హైడ్రోజన్ ఏ వైపుకు ఉందన్న దానిలోనే. పేగులోని జీవులు ఒక వైపు పెడతాయి, మామూలు మట్టిలోని జీవులు ఇంకో వైపు. తూకం వేసి వీటిని విడదీయలేం. గొట్టంలోంచి బయటపడే వేళను బట్టి విడదీస్తారు. కోప్రోస్టనాల్ ముందు, కొలెస్టరాల్ మధ్యలో, కోలెస్టనాల్ తర్వాత. కవలలు రెండూ కలిపితే అందులో కోప్రోస్టనాల్ వాటా 0.7 దాటితే మనిషి మురుగు ఉన్నట్టే. 0.3 లోపు ఉంటే లేనట్టు. మధ్యలో ఉంటే వేరే సాక్ష్యాలు చూడాలి. ఎపికోప్రోస్టనాల్ అనే ఇంకో చిన్న శిఖరం ఉంది. అది మురుగు శుద్ధి కేంద్రాల్లో పెరుగుతుంది. కాబట్టి వచ్చిన మురుగు శుద్ధి అయి వచ్చిందా, నేరుగా వచ్చిందా అన్నది కూడా ఈ గీతల్లోనే చదవొచ్చు.

మందుల్ని ఇంకో యంత్రంలో, ద్రవ క్రోమటోగ్రాఫ్‌లో చూస్తారు. పొరల వయసు తేల్చడానికి సీసం-210 ఉంది. గాలిలోంచి నేల మీద పడే ఈ రేడియోధార్మిక సీసం 22 ఏళ్ళకు సగమవుతుంది. పారిశ్రామికవాడ వయసు యాభై ఏళ్ళు కాబట్టి ఈ గడియారం సరిపోతుంది. 1960ల అణు పరీక్షల సీజియం-137 కూడా తోడొస్తుంది. ఒకటే షరతు. ఆ మట్టిని ఎవరూ తవ్వి ఉండకూడదు, వరద పెళ్ళగించి ఉండకూడదు. వాగు నడిమధ్య వదిలేసి చెక్‌డ్యాం వెనకకు వెళ్ళింది అందుకే.

మట్టిలో ఉన్నది మందు మాత్రమే అయితే భయం ఇంత ఉండేది కాదు. లార్సన్ సహచరులు 2011లో ఈ వాగుల అడుగు మట్టిలోని డీఎన్ఏను చదివారు. మందులకు లొంగని గుణాన్ని ఒక సూక్ష్మజీవి నుంచి ఇంకోదానికి అందించే ప్లాస్మిడ్లు కుప్పలుగా కనిపించాయి, అంతకుముందు ఎవరూ చూడనివి రెండు. 2014లో కాజిపల్లి చెరువు మట్టిని స్వీడన్ చెరువు మట్టితో పోల్చితే మందులకు లొంగని గుణమిచ్చే జన్యువులు దాదాపు 7,000 రెట్లు ఎక్కువ. కాజిపల్లి చెరువుకు ఏ శుద్ధి కేంద్రం పైపూ లేదు. రాత్రి పూట ట్యాంకర్లు వచ్చి పోతాయని, వాన పడ్డ రాత్రి గేట్లు తెరుస్తారని ఈ పల్లెల్లో ఏ ఇంట్లో అడిగినా చెబుతారు. ఆ చెరువు మట్టి వాళ్ళ మాటకు బలమిచ్చింది. 2013లో లార్సన్ బృందం పుణె శాస్త్రవేత్తలతో కలిసి పీఈటీఎల్ లోపలి బ్యాక్టీరియాను పరీక్షించినప్పుడు, తీసిన రకాల్లో 86 శాతం ఇరవై, అంతకన్నా ఎక్కువ యాంటీబయాటిక్స్‌కు లొంగలేదు. శుద్ధి ట్యాంకుల్లోని సూక్ష్మజీవులు బాగా పని చెయ్యాలని అక్కడ ఫ్యాక్టరీ నీళ్ళలో మామూలు మురుగు కూడా కలిపేవారు. అంటే మనిషి పేగులోని క్రిములకూ ఘాటైన మందుకూ ఒకే తొట్టిలో రోజూ ముఖాముఖి. మందుకు చచ్చేవి చచ్చాయి. మిగిలినవి ఏమై బయటికి వచ్చాయో ఆ 86 శాతం చెబుతోంది.

ఈ మధ్యలో పీఈటీఎల్ నీళ్ళ దారి కూడా మారింది. కోర్టు ఆదేశాల తర్వాత ఇసుకవాగులోకి వదలడం మాని, సుమారు 18 కిలోమీటర్ల పైపు వేసి హైదరాబాద్ మురుగు కాలువల్లోకి కలిపారు. అక్కడి నుంచి అంబర్‌పేట మురుగు శుద్ధి కేంద్రానికి, అక్కడి నుంచి మూసీలోకి. నక్కవాగు ఊళ్ళకు అది ఊరటే, కాదనను. కానీ పటం ముందు పెట్టుకుని చూడండి. మంజీర నీళ్ళు గోదావరి మీదుగా కోరంగి మడ అడవుల వైపు పోతాయి. మూసీ నీళ్ళు వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసి హంసలదీవి వైపు పోతాయి. ఒక పైపుతో పటాన్‌చెరు వ్యర్థం ఒక నదీ పరీవాహకం నుంచి ఇంకో దానిలోకి మారిపోయింది.

నన్ను అంతకన్నా ఎక్కువ కలవరపెట్టేది ఇంకొకటి. అంబర్‌పేట చేరేసరికి ఆ నీళ్ళు లక్షల ఇళ్ళ మురుగులో కలిసిపోయి ఉంటాయి. అక్కడి బురద తీసి చూస్తే కోప్రోస్టనాల్ నిండా ఉంటుంది, సబ్బు ఉంటుంది, మందూ ఉంటుంది. ఇందాక గట్టు మీద మనం చెప్పుకున్న జత లెక్క, మందు ఎక్కువ మలం తక్కువ అన్న లెక్క, అక్కడ పని చెయ్యదు. కలిపేసిన తర్వాత ఎవరి వాటా ఎంతో మట్టి కూడా చెప్పలేదు. పలచన చెయ్యడంతో మందు తగ్గలేదు, ఆనవాలు మాత్రం చెరిగింది. లొంగని క్రిములు పెరగకుండా ఉండాలంటే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 0.064 మైక్రోగ్రాములు దాటకూడదని 2016లో లార్సన్ బృందమే ఒక హద్దు సూచించింది. 2006లో పటాన్‌చెరులో కొలిచింది దానికి సుమారు 4,80,000 రెట్ల దాకా ఉంది. అంత తేడాను ఏ నగరపు మురుగైనా ఎంతని పలచన చేస్తుంది?

2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ఒక ముసాయిదా తెచ్చింది. బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీల వ్యర్థ జలాల్లో 121 యాంటీబయాటిక్స్‌కు పరిమితులు అందులో ఉన్నాయి. ప్రపంచంలో ఎక్కడా లేని నియమం మన దేశంలో వస్తోందని సంతోషించినవాళ్ళలో నేనొకణ్ణి. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ పరిమితులు అందులో లేవు. 2024 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ యాంటీబయాటిక్ తయారీ వ్యర్థాలపై మొదటిసారి మార్గదర్శకాలు ఇచ్చింది. అవి సలహాలు, చట్టం కాదు.

అందుకే కొలత కలవకముందే జరగాలి. ఫ్యాక్టరీ గేటు దాటే చోట, ఉమ్మడి శుద్ధి కేంద్రంలోకి ట్యాంకరు దించే చోట, 18 కిలోమీటర్ల పైపు మొదట్లో. మందు పేరు పేరునా, ఏడాది పొడవునా, వానాకాలం రాత్రుల్లో తప్పకుండా. కాలుష్య నియంత్రణ మండలి చాలాకాలంగా కొలిచే సీఓడీ, బీఓడీ అంకెలు నీళ్ళలో మొత్తం ఎంత సేంద్రియ పదార్థం ఉందో చెబుతాయి గానీ అది పేడో సిప్రోఫ్లాక్సాసినో చెప్పవు. చెప్పగల యంత్రాలు హైదరాబాద్‌లోనే ఉన్నాయి, వాటి మీద పని చెయ్యగల పిల్లలూ ఉన్నారు. కాజిపల్లి, గండిగూడెం, కిష్టారెడ్డిపేట, ఇస్నాపూర్ చెరువుల్లో పూడిక తియ్యాలంటే, తవ్వే ముందు ఒక్కో చెరువులో ఇలాంటి గొట్టాలు దించి అడుగు దాకా మట్టి తీసి దాచాలి. ఒకసారి జేసీబీ దిగిందంటే యాభై ఏళ్ళ పొరలు ఒక్క రోజులో కలిసిపోతాయి, ఆ తర్వాత ఏ కోర్టు అడిగినా చూపించడానికి ఏమీ ఉండదు. వచ్చిన ఫలితం ఆ ఊరి పంచాయతీకి తెలుగులో అందాలి, ఈ మట్టి చెల్కకు పనికొస్తుందా రాదా అన్న ఒక్క మాటతో సహా.